భౌతికశాస్త్రము – చాపకూడు

మాచెర్ల చెన్నకేశవస్వామి యాలయమున అడుగిడిన వారికెల్ల జ్ఞప్తికి వచ్చు మాట యొకటి కలదు. అది చాపకూడు. పండ్రెండవ శతాబ్దమున బ్రహ్మనాయుడు సకలకులములవారిని ఒకే చాపపై కూర్చుండబెట్టి ఒకే కూడు వడ్డించెనని పలనాటివారు నేటికిని చెప్పుకొందురు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రమును, కారెంపూడిలో ఏటేట వీరుల యుత్సవములనాడు వీరవిద్యావంతులు పాడు పాటలును ఆ కాలపు కథను మన దాక మోసికొని వచ్చినవి. 2022 ఏప్రిలు 4వ తేదీన నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు ప్రత్యేక జిల్లాయైనది. జిల్లా క్రొత్తది, సీమ ప్రాతది. కూడును పంచుట యెరిగిన ఈ సీమ చదువును పంచుట యెంతవరకు నేర్చినది? ఇది మేము మమ్ము ముందుగా వేసికొని, పిమ్మట చదువరుల ముందుంచు ప్రశ్న.

ఇచట చదువులన్నింటి చరిత్ర మాకు వలను గాదు. భౌతికశాస్త్రమను ఒక్క విద్యను ఇరువురు బిడ్డలకు లోకమెట్లు వడ్డించెనో, ఎట్లు వడ్డింపక పోయెనో, అంతమాత్రమే చెప్పదలచితిమి. ఒకడు బుద్ధియందు తరగతిని మించినవాడు. వేరొకడు కన్నో, చెవియో, కాలో సహకరింపనివాడు. మన బడులలో వీరిని రెండు కొసలుగా నెంచుట పరిపాటి. ఒకనికి మెచ్చుకోలు దొరకును; వేరొకనికి జాలి దొరకును; ఇరువురికిని పాఠము మాత్రము దొరకదు. ఈ యిరువురును ఒక్కడే కావచ్చునన్న యూహ మనకు మిక్కిలి ఆలస్యముగా కలిగినది.

ఈ తప్పు మా చేతను జరిగినది గనుక ముందుగా దానినే చెప్పుకొందుము. 2006–07 విద్యాసంవత్సరమున మేము పలనాటి యొక యున్నతపాఠశాలలో పదవతరగతికి భౌతికశాస్త్రము చెప్పుచుంటిమి. ఆ తరగతిలో పుట్టుకతోనే చూపులేని బాలుడొకడుండెను. చేరువ పల్లెనుండి అన్న తొక్కు సైకిలు వెనుక కూర్చుండి వచ్చెడివాడు. ఒకమారు విన్న పద్యము మరల అప్పగించెడివాడు. లెక్కను మనస్సులోనే కట్టి, మేము నల్లబల్లపై మూడవ పంక్తి వ్రాయులోపల ఫలితము చెప్పెడివాడు. కాని గిలకల పాఠము వచ్చిననాడు మేము వానితో, "ఇది బొమ్మల పాఠం నాయనా, నువ్వు వెళ్ళి వరండాలో కూర్చో" అంటిమి. దయతోనే అనుచున్నామని అనుకొంటిమి. వాడు లేచి, గడపకడ నిలిచి, "మా ఇంటి బావి గిలకకు ఆముదం పెట్టేది నేనే మాస్టారూ. చూడకుండానే పెడుతున్నాను కదండీ" అనెను. తరగతి నవ్వినది. మేమును నవ్వితిమి. వాడు వరండాలో కూర్చుండెను.

ఆ మాటలో నున్న శాస్త్రము మాకు చాలకాలమునకు గాని బోధపడలేదు. గిలక యేమి చేయును? కదలక బిగింపబడిన గిలక బరువును తగ్గింపదు. బలము పనిచేయు దిక్కును మాత్రమే మార్చును. పైకి లాగవలసిన చేదను క్రిందికి లాగుచున్నాము గనుక మన యొడలి బరువు మనకు తోడగును. బరువుతోపాటు కదలు గిలకను చేర్చినచో బలము సగమగును. కాని త్రాడు రెండింతలు లాగవలసి యుండును. ప్రకృతి యొక చేత నిచ్చి వేరొక చేత పుచ్చుకొనును. ఈ సత్యమును గ్రహించునది కన్నా? కాదు, త్రాడు పట్టిన చేయి. పుస్తకములోని బాణపు గుర్తులు ఆ చేతి యనుభవమునకు వ్రాతలో పెట్టుకొన్న సంకేతములు మాత్రమే. మేము సంకేతమునే వస్తువని భ్రమించి, వస్తువు నెరిగిన వానిని బయట కూర్చుండబెట్టితిమి.

పలనాట ఇట్టి పాఠములకు కొదువ లేదు. నాపరాతి గనిలో పలకను లేవదీయు కూలివానిని గమనింపుడు. గడ్డపార కొనను పలక క్రిందికి దూర్చి, మధ్య నొక చిన్నరాతిని ఆనించి, రెండవ కొనను క్రిందికి నొక్కును. ఆనికరాయి పలకకు దగ్గరైన కొలది శ్రమ తగ్గును. కాని చేయి ఎక్కువదూరము దిగవలెను. క్రీస్తుకు పూర్వము మూడవ శతాబ్దమున ఆర్కిమిడీసు గణితముగా నిరూపించిన తులాదండసూత్రము ఇదియే. గనిలోని వాని భుజమునకు ఆ సూత్రము తెలియును. దాని పేరు మాత్రము తెలియదు. పేరు చెప్పుటయే మా వంటి వారి పని.

నరసరావుపేటకు చేరువనున్న కోటప్పకొండకు శివరాత్రినాడు వచ్చు ప్రభలను చూడని పలనాటివాడుండడు. మిన్నంటు ప్రభ ఇరుకు బాటలలో సాగి వచ్చుచుండగా నలుదెసల మోకులు పట్టినవారు దానిని నిలుపుచుందురు. ప్రతి వస్తువునకును దాని బరువంతయు కూడియున్నట్లు భావింపదగిన బిందువొకటి కలదు, అది గురుత్వకేంద్రము. అచటినుండి దిగు నిట్టనిలువు గీత పీఠములో పడునంతవరకు వస్తువు నిలుచును. బయటకు పోయినతోడనే ఒరగును. ప్రభ యెత్తు హెచ్చినకొలది ఆ కేంద్రము పైకి జరుగును. కొలది వాలుకే గీత పీఠము దాటును. ఈ వాలును దూరమున నిలిచి చూచువానికంటె మోకు పట్టినవాడే ముందెరుగును. ఏలయన వాని యరచేతిలో మోకు బిగియును. ఇది చూపులేనివానికి చెప్పరాని పాఠమా?

మరియొక మాట. భౌతికశాస్త్రములో ముఖ్యమైనవి ఎవ్వరి కంటికిని కనబడవు. మాచెర్లకు చేరువ ఎత్తిపోతల జలపాతము సుమారు 70 అడుగుల యెత్తునుండి దుముకును. అంత యెత్తునుండి పడు నీటిబొట్టు, గాలి యడ్డమును విడిచి లెక్కించినచో, రమారమి రెండు సెకండ్లలో అడుగు చేరును. చేరునప్పటికి దాని వేగము సెకండునకు ఇరువది మీటరులు. ఎత్తున నున్నప్పటి స్థితిశక్తి పడుచుండగా గతిశక్తియై, అడుగున కొట్టుకొని చాలవరకు వేడిమిగా మారును. ఆ శక్తి యంతయు నీటిలోనే నిలిచినచో నీరు డిగ్రీలో ఇరువదవ వంతు వేడెక్కును. తెల్లని నురుగును అందరము చూతుము. ఈ ఇరువదవ వంతును చూచిన వాడెవ్వడు? నాగార్జునసాగరము కట్టడమును తలపుడు. 1955 డిసెంబరు 10వ తేదీన జవాహరులాల్ నెహ్రూ శంకుస్థాపనము చేయగా, 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధి కాలువలకు నీరు విడిచినది. లోతైన పునాదినుండి 124 మీటరుల యెత్తున లేచిన ఆ రాతికట్టడము పైన సన్నమై అడుగున విశాలమై యున్నది. ఏల? పదిమీటరుల లోతునకు రమారమి ఒక వాయుమండల పీడనము చొప్పున నీటియొత్తిడి పెరుగును. నూరుమీటరుల లోతున చదరపు మీటరు ఒక్కింటికి నూరు టన్నుల యొత్తిడి. అచటి నీరు ప్రశాంతముగనే కనబడును! పీడనము, బలము, ఉష్ణము, అయస్కాంతక్షేత్రము – వీని యెదుట మనమందరమును అంధులమే. బుద్ధితో తడిమి తెలిసికొనుటకే ఈ శాస్త్రము పుట్టినది.

అయినను భౌతికశాస్త్రము కంటి విద్య యన్న భ్రమ చాలకాలము నిలిచినది. దానిని ఖండించు సాక్ష్యము మూడువందల యేండ్ల క్రిందటనే పుట్టినను మనము వినలేదు. ఇంగ్లండు దేశమున 1682లో పుట్టిన నికొలాస్ సాండర్సను ఏడాది నిండిన చంటిప్రాయముననే మశూచికమువలన చూపు పోగొట్టుకొనెను. 1707లో కేంబ్రిడ్జి చేరి, న్యూటను గ్రంథములను బోధింపసాగెను. 1711లో అచటి ల్యూకేసియను గణితాచార్యపీఠము అతనికి లభించెను. అది పూర్వము న్యూటను అధిష్ఠించిన పీఠము. చూపులేని ఆ యాచార్యుడు కాంతిశాస్త్రమును, ఇంద్రధనుస్సు పుట్టువును బోధించుచుండగా చూపుగల శిష్యులు విని నేర్చుకొనిరి. రంధ్రములు గల పలకపై సూదులు గ్రుచ్చి అంకెలు వేసికొనుటకును, దారములు చుట్టి క్షేత్రగణితపు ఆకృతులను వ్రేళ్ళతో చదువుటకును అతడొక సాధనమును కల్పించుకొనెను. ఆ పీఠముననే 1979 మొదలు 2009 వరకు స్టీఫెన్ హాకింగు కూర్చుండెను. కాలుసేతులు కదలక, తుదకు మాటయు పోయినను, కృష్ణబిలముల గణితము అతని మనస్సున నడచినది. రష్యాలో బాల్యముననే వినికిడి చాలవరకు కోల్పోయిన సియోల్కోవ్‌స్కీ మా వలెనే బడిపంతులు. 1903లో రాకెట్టు గమనమును తెలుపు సూత్రమును ప్రకటించి, నేటి అంతరిక్షయానమునకు పునాది వేసినవాడు అతడే.

వీరు అసాధారణులని తప్పించుకొనువారు కలరు. అసాధారణులే, కాని వారి చేతికి సాధన మందుట తటస్థించినది. సాధనము అందరికిని అందుటకు ఫ్రాన్సుదేశపు బాలుడొకడు కారణమాయెను. లూయీ బ్రెయిలీ మూడవయేట తండ్రి తోలుపని గదిలో ఆరె గ్రుచ్చుకొని చూపు కోల్పోయెను. 1829లో, తన యిరువదవ యేట, ఆరు చుక్కల లిపిని ప్రకటించెను. భారతదేశమున మొదటి అంధపాఠశాల 1887లో అమృతసరమున వెలసినది. మన భాషలకు పలువిధముల చుక్కలిపులు పుట్టి గజిబిజి కాగా, 1951లో భారతీ బ్రెయిలీ నిర్ణయింపబడినది. దానిలో ఒకే ధ్వనికి తెలుగునందును, హిందీయందును, తమిళమునందును సాధ్యమైనంతవరకు ఒకే గుర్తు. అక్షరము వచ్చినది, గణితపు గుర్తులకు మాత్రము చిక్కు మిగిలెను. అమెరికాలో అబ్రహాము నెమెతు అను అంధుని గణితము మాని మనస్తత్త్వశాస్త్రము చదువుమని పెద్దలు బోధించిరి. కొంతకాలము వారి మాట విని, పిమ్మట గణితమునకే మరలి, తన కొరకు గణితసంకేతములకు చుక్కల లిపిని కల్పించుకొనెను. 1952లో అది ప్రకటితమై, ఎందరికో దారి చూపెను.

ఇక మన యింటి కథ. మచిలీపట్టణమునకు చేరువ సీతారామపురమున వ్యవసాయకుటుంబమున పుట్టుచూపు లేక జన్మించిన బొల్లా శ్రీకాంతు హైదరాబాదులోని అంధపాఠశాలలో చదివి, పదవతరగతిలో ఉత్తమముగా నుత్తీర్ణుడయ్యెను. ఇంటరులో గణిత భౌతిక రసాయనశాస్త్రములు చదువగోరగా, బొమ్మలు, రేఖాచిత్రములు ఉండును గనుక అంధునకు ఆ విద్య తగదని ఆనాటి నియమము అడ్డు నిలిచెను. మేము వరండా చూపినప్పుడు పలికిన మాటయే అది! అతడు, అతని యుపాధ్యాయురాలు న్యాయస్థానమునకు పోయిరి. ఆరునెలలు వ్యాజ్యము నడచినది. తీర్పు వచ్చుదాక ఊరకుండక అతడు చదువు సాగించెను. అనుమతి లభించినది; పరీక్షలో నూటికి తొంబదియెనిమిది వచ్చినవి. 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ చేరి, విదేశములనుండి అచట చేరిన అంధవిద్యార్థులలో మొదటివాడయ్యెను. మరలి వచ్చి 2012లో హైదరాబాదున వికలాంగులకు పని కల్పించు పరిశ్రమను స్థాపించెను. 2024లో అతని జీవితము హిందీ చలనచిత్రముగా వచ్చినది. చిత్రము చూచి చప్పట్లు కొట్టినవారు ఒక్కటి యోచింపవలెను. ఒక బాలుడు భౌతికశాస్త్రపు పుస్తకము తెరచుటకు న్యాయస్థానము తలుపు తట్టవలసి వచ్చెను. తట్టలేనివారు ఎందరు?

ఇప్పుడు రెండవ కొసను చూతము. బుద్ధియందు మించినవారికి మనము న్యాయము చేసితిమా? చంద్రశేఖర వేంకటరామను తండ్రి విశాఖపట్టణపు కళాశాలలో గణిత భౌతికశాస్త్రముల బోధకుడు. ఇంట పుస్తకములుండెను, ప్రశ్నకు బదులు చెప్పువారుండిరి. బాలుడు విశాఖలోనే పదునొకండవ యేట మెట్రిక్యులేషను ముగించెను. 1904లో మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రమున స్వర్ణపతకముతో పట్టభద్రుడయ్యెను. వయస్సు చాలదని ఎవ్వరును వానిని ఆపలేదు. 1930లో అతనికి నోబెలు బహుమానము వచ్చినదని అందరు నెరుగుదురు. కాని 1920 ప్రాంతమున అతడు మృదంగము, తబలా, వీణలను శోధించెనని కొందరే యెరుగుదురు. మామూలు డప్పుతోలు కంపించునపుడు పుట్టు పైస్వరములు మూలస్వరముతో పొసగవు. మన మృదంగమున నడుమ అద్దిన కరణ తోలు బరువును మార్చి, ఆ స్వరములను పొసగునట్లు చేయునని అతడు తేల్చెను. కాంతిని చదివిన రామను చెవితో కూడ శాస్త్రమును చదివెను. ఆ ధ్వనిపాఠమును చూపులేనివాడు చెవితో వినవచ్చును; వినలేనివాడు తోలుపై అరచేయి ఆనించి గ్రహింపవచ్చును.

ఇంట పుస్తకము లేని బిడ్డకు గతి యేమి? ఈ ప్రశ్నకు స్వతంత్రభారతము కొంత బదులు చెప్పినది. 1963లో జాతీయ విజ్ఞానప్రతిభాన్వేషణ పరీక్ష ఆరంభమైనది. 1971లో పి.వి. నరసింహారావుగారి కాలమున నల్లగొండజిల్లా సర్వేలులో గురుకుల పాఠశాల వెలసినది. మరుసటి యేడు మా పొరుగున గుంటూరుజిల్లా తాడికొండలోను, అనంతపురము జిల్లా కొడిగెనహళ్ళిలోను అట్టివే వెలసినవి. 1986 పిమ్మట నవోదయవిద్యాలయములు వచ్చినవి. నేటి పల్నాటిజిల్లాలోనే మద్దిరాల నవోదయమును, సాగరము కట్టకు చేరువ విజయపురి దక్షిణపు గురుకుల జూనియరు కళాశాలయు నున్నవి. కూలివాని బిడ్డ, చేనుగట్టు విడువని రైతుబిడ్డ పరీక్ష వ్రాసి, అచట చేరి, ఎంతెంత చదువులకో యెక్కుట మేము కన్నులార చూచినదే. ఈ మేలును తక్కువచేయుట మా యుద్దేశము కాదు.

కాని యిందు రెండు లోపములు కానవచ్చుచున్నవి. ఏరుకొని తీసికొనిపోయిన పిదప ఊరిబడిలో మిగిలిన చురుకైన బిడ్డను ఎవ్వరు పట్టించుకొందురు? మేము చెప్పిన ఆ తరగతిలోనే యొక బాలిక యుండెను. పాఠము చెప్పకమునుపే చదివివచ్చి, పది నిమిషములలో లెక్కలన్నియు ముగించి కూర్చుండెడిది. మేము ఆమెకిచ్చిన పని యేమి? అల్లరిచేయువారి పేర్లు బల్లపై వ్రాయుట! వరండాలో ఆ బాలుడు ఊరకుండెను. లోపల ఈ బాలిక ఊరకుండెను. ఇరువురి కాలమును మేమే హరించితిమి. రెండవ లోపము ఇంకను పెద్దది. ప్రతిభ నేరు పరీక్ష అచ్చుబొమ్మలతో నిండియున్నపుడు చూపులేని ప్రతిభావంతుడు ఆ జల్లెడలో పడడు. వికలాంగుల పట్టికలో వాని పేరుండును. ప్రతిభావంతుల పట్టికలో నుండదు. రెండు పట్టికలను ఒకచోట పెట్టి చదువువాడు లేడు.

చట్టము మనకంటె ముందు నడచినది. వైకల్యముగల ప్రతి బిడ్డకును పదునెనిమిదవ యేటిదాక ఉచితవిద్య నందింపవలెనని 1995 చట్టము శాసించినది. 2016 చట్టము వైకల్యములను ఇరువదియొకటిగా గుర్తించి, వేరొక గదిలో కాక తోడివారి నడుమనే చదువు సాగవలెనని చెప్పినది. చట్టమున వ్రాసినది బడిలో జరుగుటకు ధనము కావలెనందురు. కొంత కావలెను. కాని మేము కొన్నేండ్లుగా చేసి చూచిన పనులకు పెద్ద వ్యయము కాలేదు. అట్టపై జిగురు రాసి దారము నంటించిన బొమ్మ యుబ్బెత్తుగా నిలిచి వ్రేళ్ళకు చదువ వచ్చును. పాతడబ్బాకు మూడెత్తులలో రంధ్రములు చేసి నీరు నింపి, ఒక్కొక్క ధార యెదుట అరచేయి యుంచినచో అడుగుధార పోటు ఎక్కువని తెలియును. సాగరపు కట్ట అడుగున ఏల విశాలమో ఆ చేతికే బోధపడును. కొలబద్దకు కత్తితో గంట్లు పెట్టినచో కొలత స్పర్శకు దొరకును. ఈ బొమ్మలను చేయుపని చురుకైన బిడ్డలకు ఒప్పగింపవలెను. ఒక సూత్రమును వేరొకని వ్రేళ్ళకు తెలియునట్లు మలచవలెనన్నచో, దానిని కంఠస్థము చేసిన చాలదు, లోతుగా గ్రహింపవలెను. అదియే వారికి తగిన కఠినమైన పాఠము. ఒక చాపపై ఇరువురును కూర్చుండినపుడు ఒకరికి చేసిన మేలు రెండవవారికిని కూడగును.

చాపకూడనగా అందరికిని ఒకే ముద్ద పెట్టుట కాదని మా యభిప్రాయము. పసివానికి మెత్తగా కలిపి పెట్టుదురు. పనివానికి మారు వడ్డింతురు. బంతి యొక్కటే, వడ్డన మాత్రము ఆకలి నెరిగి సాగును. భౌతికశాస్త్రపు బంతియు నట్లే యుండవలెను. ఒకే గది, ఒకే గిలక. చూచువాడు చూడనీ, తాకువాడు తాకనీ, ముందుకు పరుగిడువాడు పరుగిడనీ. ఎవ్వనిని గడప దాటింపకుండుటయే మొదటి నియమము.

మా శిష్యుడు ఆర్ట్సు తరగతిలో చేరి, పట్టభద్రుడై, ఉద్యోగమున కుదిరెను. కొన్నేండ్ల క్రిందట నరసరావుపేట బస్సుస్టాండులో మా గొంతు విని గుర్తుపట్టి పలుకరించెను. క్షేమములు మాటలాడుకొంటిమి. బస్సు వచ్చినప్పుడు వాడు నవ్వుచు, "ఆ గిలకల పాఠం మీరు నాకు ఇంకా బాకీ ఉన్నారు మాస్టారూ" అనెను. ఆ మాటలో కోపము లేదు. ఉండియున్నచో మాకు కొంత తేలికయై యుండెడిది.

ఆ బాకీ వానికి తీర్చుట యిక మా వశము కాదు. వాని వెనుక వచ్చు బిడ్డకు తీర్పగలము. ఈ మాసపత్రికను చదువు గృహములలో అట్టి బిడ్డ యొకడున్నచో, లేక యిరుగుపొరుగున నున్నచో, బడికి పోయి వాని పేరుతో ఒక ప్రశ్న యడుగుడు: నేటి పాఠమున వీని చేతికి మీరేమి యిచ్చితిరి? ఆ ప్రశ్న మా వంటి పంతుళ్ళకు కష్టముగనే తోచును. అయినను అడుగుడు. మమ్ము నాడెవ్వరును అడుగలేదు.